కొండ తల్లి కన్ను

వరద కాలం, రెండో నెల, పదో రోజు

నా రాత బాగుండదు. నాన్న నేర్పినవి కొన్ని గుర్తులే. ఆయన పోయాక మిగతావి నేర్పేవాళ్ళు లేకపోయారు. పక్షి గుర్తులు నాకు ఎప్పుడూ కలిసిపోతాయి. గుడ్లగూబ వేస్తే రాబందులా వస్తుంది. వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఎవరైనా చదివితే తప్పులకు మన్నించాలి. కానీ ఎవరూ చదవకూడదనే రాస్తున్నాను. మరి ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు.

మా ఆయన పషెద్ గీతలు వేసి చూసుకోవడానికి తెచ్చుకునే సున్నపురాతి పెచ్చుల్లో విరిగినవి నాకు ఇచ్చేస్తాడు, పొయ్యి దగ్గర కుండ కదలకుండా ఆనించుకోమని. వాటి మీదే రాస్తున్నాను. రాసినవి నేలమాళిగలో ఖాళీ జాడీల వెనక పెడతాను. మోకాళ్ళ నొప్పితో అత్త అక్కడికి దిగదు.

మగవాళ్ళు నిన్న కొండ మీంచి సెలవుకి దిగారు. పషెద్ బాగానే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అంతే. రాజుగారి కోసం తవ్వుతున్న సమాధిలో దీపాల పొగ. అందరికీ అలాగే ఉంటుంది.

సాయంత్రం పక్కింటి నెబ్రె వచ్చి కూర్చున్నాడు. పషెద్‌తో కలిసి ఒకే గోడ మీద పని చేస్తాడు. నాకేసి చూసి అన్నాడు: "మీ ఆయన ఎర్రగా గీస్తాడు, పెద్ద మేస్త్రి నల్లగా దిద్దుతాడు. ఇది వరకు ఆ గోడ పెళ్ళికూతురి పాదంలా ఎర్రగా ఉండేది. ఇప్పుడు ముసలమ్మ కాటుకలా అయిపోయింది చెల్లెమ్మా!"

పషెద్ గట్టిగా నవ్వాడు. నవ్వుతూ బార్లీ కల్లు ముంత కోసం చెయ్యి చాపాడు. ముంత ఇటు పక్కన ఉంది, చెయ్యి అటు పక్కకి వెళ్ళింది. నేను ముంతని చేతి కిందికి జరిపాను. నెబ్రె చూడలేదు.

రెండో నెల, ఇరవయ్యో రోజు

ఏటి నుంచి నీళ్ళు మోసుకొచ్చే గాడిదలు ఇవాళ కూడా రాలేదు. జాడీ అడుగున మిగిలినవే తలా ఒక గుక్క తాగాం. పషెద్ మెట్ల మీద జారాడు. దెబ్బేమీ తగల్లేదు. మెట్టు తడిగా ఉండి ఉంటుంది.

రెండో నెల, ఇరవై ఒకటి

తెల్లవారగానే అందరూ కొండెక్కారు. పషెద్ నెబ్రె భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. స్నేహితులు అలాగే నడుస్తారు.

రెండో నెల, ఇరవై అయిదు

పషెద్‌ని ఇంటికి పంపించేశారు. కళ్ళ జబ్బు, నయమయ్యాక రమ్మన్నారట. కన్ను నయం కాని వాళ్ళెవరూ లేరు మన ఊళ్ళో, ఒక్క హూయ్ తాత తప్ప. ఆయన ముసలివాడు.

తేనెలో కాటుక రాయి నూరి పూస్తున్నాను. రోజూ పొద్దున్నే నా కళ్ళకి పెట్టుకునే ముందు అతని కళ్ళకి పెట్టడం పెళ్ళయిన దగ్గర్నించీ అలవాటే. అమ్మ నేర్పినట్టు చివర కొద్దిగా పైకి మెలి తిప్పుతాను. ఇవాళ పెడుతుంటే అడిగాడు.

"హునెరో, నీ ముక్కు మీద పుట్టుమచ్చ ఉండేది కదా, పోయిందా?"

"ఉంది."

"ఆఁ, ఉందిలే. నీడ పడింది."

మిద్దె మీద కూర్చున్నాం. నెత్తిన ఎండ తప్ప ఏమీ లేదు.

రెండో నెల, ఇరవై ఆరు

అత్త తసాకెత్ మోకాళ్ళు పట్టుకుని వీధి చివర ఉండే 'తెలిసినామె' దగ్గరికి వెళ్ళొచ్చింది. ఏ ఇంటికి ఏ దేవుడి కోపం తగిలిందో ఆవిడ చెప్తుంది. వచ్చీ రాగానే గడపలోనే కూలబడింది.

"కొండ తల్లే. ఇంకెవరూ కాదు. ఈ కొంపలో ఎవరో ఆవిడ పేరు మీద తప్పుడు ఒట్టు వేశారట. ఒరే పషెదూ, నిజం చెప్పు. దేనికి వేశావు ఒట్టు? కల్లుకా, రంగుకా, ఆడదానికా?"

"వెయ్యలేదే అమ్మా."

"వెయ్యకుండానే పగటిపూట చీకటి చూపిస్తుందా ఆవిడ? ఆవిడకేం పని లేదా?"

"చిన్నప్పుడు నీ అత్తిపళ్ళు తిన్లేదని వేశాను. అది లెక్కా?"

"అది నా మీద వేశావు, ఆవిడ మీద కాదు." తర్వాత నా వైపు తిరిగింది. "నిన్ను అడిగీ లాభం లేదు. నీకు నోరుంటే కదా, ఒట్టు వెయ్యడానికి!"

కొండ తల్లి అసలు పేరు మెరెత్సెగెర్. మౌనాన్ని ప్రేమించేది అని అర్థం. ఊరికి పైన ఉన్న శిఖరమే ఆవిడ. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆడవాళ్ళు నన్ను ఆవిడ కూతురు అని ఏడిపించేవాళ్ళు. మాట్లాడనని. నాకు లోపల గర్వంగానే ఉండేది.

పషెద్ సాయంత్రమంతా మూల కూర్చుని వేళ్ళు మడుస్తూ ఆలోచించాడు. వేసిన ఒట్లన్నీ గుర్తు చేసుకున్నాడు. ఒక్కటీ తప్పుడుది దొరకలేదు. దొరికితే బాగుండునని అతని ముఖంలో కనిపించింది. దొరికితే తప్పయిపోయిందని చెప్పుకోవచ్చు.

రెండో నెల, ఇరవై ఎనిమిది

తెలిసినామె ఒక పెచ్చు మీద మంత్రం రాసిచ్చింది. సిరా అంతా కల్లులో కడిగి ఆ కల్లు తాగించాలి. అప్పుడు రాసిన మాట ఒంట్లోకి పోతుంది. పషెద్ ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకున్నాడు.

"మాట బాగుంది. కల్లే పులిసింది" అన్నాడు.

అత్త కూడా నవ్వింది.

రెండో నెల, ఇరవై తొమ్మిది

ఇవాళ మెరుగ్గా ఉంది. గుమ్మం దగ్గర పిల్లిని చూశాడు. "పిల్లి వచ్చింది" అన్నాడు. పిల్లి అప్పటికే అరిచింది కానీ, చూశాడు కూడా.

రెండో నెల, ఆఖరి రోజు

పెద్ద మేస్త్రి ఖావి ఇంటికి వచ్చాడు. గోడల మీద నల్ల సిరాతో దిద్దేది ఆయనే. ఎవరు ఏ గోడకి వెళ్ళాలో చెప్పేదీ ఆయనే. నేను రొట్టె పెట్టి స్తంభం వెనక్కి వెళ్ళాను.

"పషెదూ, పాత గోడ అయిపోయింది. వచ్చే నెల పదకొండున కొత్త గోడ మొదలు, అంతవరకూ అందరికీ సెలవు. అది వంకర పోతే నా తల పోతుంది. నీ చోటు కోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో నీకు తెలియంది కాదు. చోటు పోతే ఈ ఇల్లూ పోతుంది. అందుకని ఊరుకున్నాను ఇన్నాళ్ళూ."

"నాకు కనపడుతోంది పెద్దయ్యా."

"సరే. కొండ తల్లికి మొక్కు పలక ఒకటి చెయ్యి. ఎలాగూ చెయ్యాలి కదా. నువ్వే గియ్యి. గీసింది నేను చూస్తాను. గీత నిలబడితే నువ్వూ నిలబడతావు."

ఆయన వెళ్ళాక పషెద్ హుషారుగా లేచాడు. గోడకి గుద్దుకోలేదు.

మూడో నెల, రెండో రోజు

పలక మొదలుపెట్టాడు. పొద్దున్నే మిద్దె మీద, వెలుగు బాగా ఉన్నప్పుడు. సున్నం పూసి ఆరబెట్టిన రాయి, జానెడు కంటే కాస్త పెద్దది. ఎర్ర రంగులో ముంచిన దారం ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస అతను. మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. అడ్డం, నిలువు.

"సూటిగా ఉందా?"

"ఊఁ."

దారం పట్టుకున్నంత వరకూ సూటిగానే ఉంది. అది నాకు తెలుసు, నేనూ పట్టుకున్నాను కదా.

తల్లిని ఎలా వెయ్యాలా అని చాలాసేపు మాట్లాడాడు. కొందరు ఉత్త తాచుపాముగా వేస్తారు, పడగ విప్పి, చుట్టలు పైకి చుట్టి. కొందరు ఆడమనిషి ఒంటికి పాము తల పెడతారు. మూడు తలలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. "నేను పాము ఒంటికి ఆడమనిషి ముఖం పెడతాను. పాముకి కన్ను గింజంత. ముఖమైతే కన్ను పెద్దగా వెయ్యొచ్చు. పెద్ద కన్నయితే నన్ను బాగా చూస్తుంది" అన్నాడు. తల మీద కొమ్ములు, వాటి మధ్య సూర్యుడు. ఎదురుగా మోకాళ్ళ మీద తను. చుట్టూ చెవులు, ఆవిడ వినడానికి.

చుట్టలు చెయ్యి అలవాటు మీద వచ్చేశాయి, నున్నగా. చెవులు కూడా. తర్వాత ముఖం, పక్కకి తిరిగి, ఒక్క కన్నే కనపడేలా. ఊపిరి బిగపట్టి కన్ను వేశాడు.

కన్ను చెంప మీద పడింది. చెంప కూడా కాదు, దవడ దగ్గర.

"ఎలా ఉంది?"

నేను కొండ వైపు చూశాను.

"హునెరో, నీ మాటే నమ్ముతాను. ఎలా ఉంది?"

"బాగుంది."

మూడో నెల, మూడో రోజు

మధ్యాహ్నం అతను కింద చల్లగా పడుకున్నప్పుడు మిద్దెక్కాను. ఊరికే చూద్దామని. తడిగుడ్డ చేతిలో ఎలాగో ఉంది. దవడ మీది కన్ను తుడిచేశాను. తుడిచాక అక్కడ ఏమీ లేకుండా ఉంచకూడదు కదా, కన్ను లేని దేవతని ఎవరైనా ఉంచుతారా. అతని రెల్లు కుంచె తీసుకున్నాను.

నాకు గియ్యడం రాదు. కాటుక పెట్టడం వచ్చు. రోజూ ఎలా పెడతానో అలాగే పెట్టాను, ముఖంలో కన్ను ఉండాల్సిన చోట.

దిగి వచ్చి పప్పు నానబోశాను.

మూడో నెల, అయిదో రోజు

ఖావి వచ్చాడు. పలకని వీధి గుమ్మం దగ్గర వెలుగులో పెట్టుకుని చూశాడు. నెబ్రె కూడా వెనక నిలబడ్డాడు. పషెద్ గోడకి ఆనుకుని, ఏమీ పట్టనట్టు, గోళ్ళలో రంగు గిల్లుకుంటున్నాడు.

"చుట్టలు బాగున్నాయి. చెవులు బాగున్నాయి. కన్ను..." ఖావి ఆగాడు. "కన్ను కూడా బాగుందయ్యా. కానీ ఇది మన చెయ్యి కాదే. మనం చివర సూటిగా లాగుతాం. ఇది మెలి తిరిగింది."

"కొత్తగా వేద్దామని" అన్నాడు పషెద్ వెంటనే. ముందే అనుకుని ఉంచుకున్నట్టు.

"ఈ కన్ను నేనెక్కడో చూశాను" అన్నాడు ఖావి.

నేను కల్లు ముంత ఇస్తున్నాను. తల వంచుకునే ఇచ్చాను.

"అమ్మాయ్, ఒకసారి తలెత్తు."

ఎత్తలేదు.

"ఎత్తవే పిల్లా, పెద్దాయన అడుగుతుంటే!" అత్త లోపల్నించి అరిచింది.

ఎత్తాను. ఆయన నా కళ్ళు చూశాడు, పలక చూశాడు. కోపంగా లేదు ఆయన ముఖం. ఎవరో బరువు తెచ్చి నెత్తిన పెట్టినట్టు ఉంది.

"రేపు సభలో మనవాళ్ళందరూ కూర్చుంటారు. నువ్వొచ్చి ఒట్టు వేసి చెప్పు. ఈ బొమ్మ నీ మొగుడు గీసిందేనని, వాడికి చూపుందని. చెప్తే నేను ఇంకొక్క మాట అడగను. నువ్వు అబద్ధాలాడే మనిషివి కాదు. అసలు మాట్లాడే మనిషివే కాదు కదా."

ఆయన వెళ్ళాక పషెద్ పలక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. బొటనవేలు ఆ కన్ను మీద తిరుగుతూ ఉంది.

మూడో నెల, ఆరో రోజు

చెప్పాను.

మూడో నెల, ఏడో రోజు

నిన్న ఒక్క మాట కంటే రాయలేకపోయాను. ఊరి వాకిలి దగ్గర మగవాళ్ళందరూ వరసగా కూర్చున్నారు. ఖావి ఒక్కో మాటా అందిస్తే నేను పలికాను. శిఖరం మీది తల్లి సాక్షిగా, నా మొగుడికి చూపుంది, ఆ బొమ్మ అంతా అతని చేతిదే, ఇది అబద్ధమైతే తల్లి నా కళ్ళు తీసుకోవాలి.

అంతా అయ్యాక వెనక వరసలో హూయ్ తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమందీ? ఏమందీ పిల్ల?" అన్నాడు. అందరూ నవ్వారు. "గట్టిగా చెప్పమ్మా, తాతకి వినపడలేదట" అన్నారు.

రెండోసారి కూడా చెప్పాను. గట్టిగా.

బతుకంతా నోరు మెదపకుండా ఉన్నాను.

మూడో నెల, ఎనిమిదో రోజు

పొద్దున్నే శిఖరం కనిపించింది. అంచులు కూడా కనిపించాయి.

మూడో నెల, తొమ్మిదో రోజు

కనిపించింది.

మూడో నెల, పదో రోజు

కనిపించింది. మధ్యాహ్నం కాసేపు మసకగా అనిపించింది. దుమ్ము. కడుక్కుంటే పోయింది.

పషెద్ రేపు కొత్త గోడకి వెళ్తున్నాడు. సామాను సర్దుతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు కళ్ళెలా ఉన్నాయి?"

"బాగున్నాయి."

"నా పుట్టుమచ్చ కనిపిస్తోందా?"

"నీకు లేదు."

"ఆఁ. కనిపిస్తున్నట్టే ఉంది" అన్నాడు. నవ్వలేదు.

మూడో నెల, పదకొండు

వెళ్ళాడు. నెబ్రె భుజం మీద చెయ్యి. గోడ దగ్గర దారం పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటాడు. చుట్టలు అలవాటు మీద వస్తాయి. ముఖాలు ఇంకెవరికైనా ఇవ్వొచ్చు. ఎన్నో గోడల మీద ముఖాలే ఉండవు, ఉత్త అక్షరాలే ఉంటాయి. అలాంటి గోడ అయి ఉండొచ్చు.

మూడో నెల, పదమూడు

సెలవు రోజు కాకుండానే కొండ దారిలో ఇద్దరు దిగుతుంటే చూశాను. నా కళ్ళు బాగున్నాయి, చాలా దూరం నుంచే గుర్తుపట్టాను. ఒకతను ఇంకొకతన్ని చెయ్యి పట్టుకుని దింపుతున్నాడు.

నెబ్రె గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ముఖం నేలకేసి పెట్టుకుని చెప్పాడు.

"గోడ దగ్గరికి వెళ్ళాం చెల్లెమ్మా. కుంచె ఇచ్చాను. ముంచలేదు. కింద పెట్టి, అందరూ వినండి, నాకు చూపు లేదు అన్నాడు. పెద్ద మేస్త్రి నోరు మూసుకోరా అన్నాడు. వీడు మూసుకోలేదు. ఆ ఒట్టు నాది, మా ఆడదాని నోటితో నేనే పలికించాను, తల్లి తీసుకుంటే నా కళ్ళే తీసుకోవాలి అన్నాడు. అక్కడున్నవాళ్ళందరూ విన్నారు."

పషెద్ తడుముకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"నువ్వెందుకు చెప్పావయ్యా?" అన్నాను. అతనితో నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"నువ్వు రోజూ పొద్దున్నే కొండకేసి చూసుకుంటున్నావు. నాకు కనపడదు కానీ, నీ అడుగు ఆగడం వినపడుతుంది."

"కన్ను నేను వేశానని..."

"వేసిన రోజే తెలుసు. వేలు పెట్టి చూశాను. నేను అంత మందంగా పూయను. అది కాటుక పెట్టే చెయ్యి." బల్ల అంచు తడుముతూ అన్నాడు, "ఇక గుళ్ళో వీణ వాయించుకోవాలి. గుడ్డివాళ్ళందరూ అదే చేస్తారు. చిక్కల్లా నాకు పాట రాకపోవడమే."

నేను నవ్వానని అనుకుని తనూ నవ్వాడు.

మూడో నెల, పద్నాలుగు

నా కోసం చెప్పాడు. అది నాకు అర్థమైంది. కానీ అతను చెప్పిన దాంతో నా ఒట్టు తప్పుడు ఒట్టని ఊరంతటికీ తెలిసింది. చోటు పోయింది, ఒట్టూ మిగిలింది. ఊరుమ్మడి పొయ్యి దగ్గరికి నిప్పు కోసం వెళ్తే ఆడవాళ్ళు జరిగి దారిచ్చారు. ఎవరూ కొండ తల్లి కూతురు అనలేదు.

అత్త రాత్రి నుంచి తిండి ముట్టలేదు. సాయంత్రం నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. మెల్లగా, ఏదో లెక్క తేలినట్టు చెప్పింది.

"వాడు ఏ ఒట్టూ వెయ్యలేదన్నాడు చూడు. నిజమే చెప్పాడు. ఈ కొంపలో తప్పుడు ఒట్టు వేసిన దానివి నువ్వు."

"నేను వేసింది ఇప్పుడు కదా అత్తా. అతని కళ్ళు ముందే..."

"ఆవిడకి ముందేమిటి, వెనకేమిటే? అంత ఎత్తున కూర్చున్నదానికి రాబోయేది కనపడదా? నువ్వు వెయ్యబోయే ఒట్టుకి వాడి కళ్ళు ముందే తీసేసుకుంది."

అత్తకి కాదని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు. ఇంకెన్ని పెచ్చులు రాసినా తెలియదు. అతని కళ్ళ కోసం ఒట్టు వేశాను. ఆ ఒట్టు కోసం అతని కళ్ళు పోయాయంటే, ఎక్కణ్ణించి మొదలుపెట్టి ఏది విప్పుకోవాలి.

మూడో నెల, పద్దెనిమిది

ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఖావి తనే వచ్చి చెప్పాడు. కోతల దాకా ఉండనిచ్చేవాణ్ణి, నా చేతిలో లేదు అన్నాడు. ఏటి అవతల అత్త తమ్ముడికి ఉల్లి మడులున్నాయి. అక్కడికి వెళ్తాం.

నా కళ్ళు బాగున్నాయి. ఎందుకు బాగున్నాయి?

మూడో నెల, పంతొమ్మిది

వెళ్ళే ముందు పలకని కొండ దారిలో తల్లి గూటి దగ్గర పెట్టాలని పషెద్ పట్టు. బొమ్మ కింద రాత కోసం ఖాళీ ఉంచాడు. దాన్ని నింపాలి.

"నాకింకెవరూ రాసిపెట్టరు. నువ్వే రాయి."

"పక్షులు కలిసిపోతాయి నాకు."

"తల్లి చదువుకోలేదా ఏం? తనే సరిచేసుకుని చదువుకుంటుంది."

కుంచె తీసుకున్నాను. అతను పక్కన కూర్చుని ఒక్కో మాటా చెప్పాడు. గీతలు వేసే పషెద్ చేయించిన పలక అన్నాడు, రాశాను. పగటిపూట చీకటి చూసినవాణ్ణి అన్నాడు, రాశాను. నీకు దణ్ణం అన్నాడు, రాశాను. తర్వాత ఆగి, గొంతు సవరించుకుని చెప్పాడు.

"తల్లి నా వైపు తిరిగింది. నాకు మళ్ళీ చూపు ఇచ్చింది."

నేను కదల్లేదు.

"అలాగే రాస్తారు. అయిపోయినట్టే రాయాలి. అందరూ అలాగే రాస్తారు, అప్పుడు ఆవిడ ఇస్తుంది. రాయి."

ఆవిడ ముఖం నా ఎదురుగా ఉంది. ఆ కన్ను నాది. రోజూ రాగి అద్దంలో చూసుకునేదే. దాని ముందు ఇంకో అబద్ధం రాయాలి, అదీ అతని పేరు మీద.

కుంచె సిరా బిళ్ళ దగ్గరికి తీసుకెళ్ళలేదు. నీళ్ళ గిన్నెలో ముంచాను. ఆ చివరి మాటలు నీళ్ళతో రాశాను, మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా, ఒక్క పక్షి కూడా తప్పు పోకుండా. కుంచె రాతి మీద ఆడే చప్పుడు అతను తల వంచి వింటూ ఉన్నాడు.

"అయిందా?"

"అయింది."

వేలు చాపాడు. చివరి వరుస మీద తడి ఉంది. తడి తగిలేలా మెల్లగా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నడిపించాడు.

"చెరిపేస్తున్నానా?"

"లేదు."

"నీ రాత బాగానే ఉందే. వరుస సూటిగా ఉంది" అన్నాడు.

ఎండకి అప్పటికే ఆరిపోయింది.

మూడో నెల, ఇరవయ్యో రోజు

పలకని గూటి దగ్గర పెట్టి వచ్చాం. అతను నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. శిఖరం బాగా కనిపించింది. పెట్టాక అతను కళ్ళు పెద్దవి చేసుకుని అటూ ఇటూ తిప్పాడు. "కొంచెం తెల్లగా ఉంది హునెరో. కుడి పక్కన." కుడి పక్కన సూర్యుడున్నాడు.

"ఊఁ" అన్నాను.

రేపు వెళ్ళిపోతాం. ఇన్ని పెచ్చులు మోసుకుపోలేను, రాళ్ళెందుకని అత్త అడుగుతుంది. ఇక్కడే వదిలేస్తున్నాను. ఈ ఇంట్లోకి వచ్చేవాళ్ళకి జాడీల వెనక దొరుకుతాయి. ఈ పెచ్చు అన్నిటికంటే పైన పెడుతున్నాను, ముందు ఇదే చదువుతారు. ఇక్కడితో ఆపండి. కిందివి చదవకండి. ఇవి రాళ్ళు, పొయ్యిలో వేసినా కాలవు. నీళ్ళు పోసి కడగండి. నీళ్ళ గాడిదలు వచ్చిన రోజే కడగండి, తాగే నీళ్ళు ఖర్చు పెట్టకండి. కడిగిన నీళ్ళు దూరంగా ఇసకలో పారబొయ్యండి. ఇంట్లో ఎవరికైనా కళ్ళు బాగా లేకపోతే, పాత రాత కదా, ఏ మంత్రమో అనుకుని వాళ్ళ చేత తాగించకండి.